మంచి ప్రభువా, మాట చెల్లు ప్రజలా?

హైదరాబాదు పాతనగరమందలి బహదూర్‌పురాలో, జంతుప్రదర్శనశాలను ఆనుకొని, మీరాలం చెఱువు కలదు. మీర్ ఆలం 1804 మొదలు 1808 వఱకు నిజాము సికందర్ జాకు దివానుగా నుండెను. ఆయన పేర వెలసిన యీ కట్ట సామాన్యమైన మట్టికట్ట గాదు. 21 అర్ధవృత్తాకారపు కమానులు ఒకదానిప్రక్క నొకటి నిలిచి నీటి బలమును మోయుచున్నవి. ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము ఏర్పడకమునుపు నగరవాసులకు త్రాగునీ రిచ్చిన చెఱువులలో నిది ముఖ్యమైనది. అట్టి చెఱువులో మురుగునీరు చేరినది. అంచులు ఆక్రమణలకు లోనైనవి.

దీనిని చూపి యొక వాదము చేయువారు మన యిండ్లలోనే కలరు. ఓటు లేని దినములలో నొక్క దివాను తలచుకొని చెఱువు కట్టించెను, ఓటున్న దినములలో అందఱును గలిసి దానిని చెఱచిరి, కావున సమాజమునకు వలసినది మంచి ప్రభువే యని వారి మాట. దీనిని నవ్వి త్రోసివేయుట న్యాయము గాదు. గ్రీసుదేశమున ప్లేటో చెప్పినదియు నించుమించుగా నిదియే: ఓడ నడపుట తెలిసినవానికే చుక్కాని యీయవలెను.

ఆయన శిష్యుడైన అరిస్టాటిలు ఇంకొక త్రోవ చూపెను. ఇల్లెట్లున్నదో కట్టిన మేస్త్రీకంటె అందు కాపురమున్నవారికే బాగుగా తెలియును. వంట యెట్లున్నదో తిన్నవారు చెప్పవలెను. ఈ లెక్కను నీటి మంచిచెడ్డలు బిందె పట్టు స్త్రీకంటె నెఱిగినవా రెవరు? అయితే అరిస్టాటిలు స్త్రీలను, దాసులను ఏలుబడిలో పాలు గలవారిగా నెంచలేదు. తన న్యాయము తన యింటివారికే వర్తించునని యంతటి వానికి తోచకపోవుట వింతయే.

మన కౌటిల్యుని అర్థశాస్త్రములో, మత్స్యన్యాయముచే పీడితులైన జనులు మనువును రాజుగా చేసికొని ధాన్యమున ఆఱవ పాలును, సరకులలో పదియవ పాలును అతనికి కేటాయించిరని యున్నది. అనగా పన్ను కానుక గాదు, కాపలాకు కూలి. ఆ గ్రంథముననే మఱొక విధి కలదు. పలువురు కలిసి కట్టు చెఱువుపనినుండి యెవడైన తప్పుకొన్నయెడల, వాని పనివారును ఎద్దులును ఆ పని చేయవలెను. ఖర్చులో వాడు పాలు మోయవలెను. ఫలములో మాత్రము వానికి పాలు లేదు. కఠినమైన విధియే. అయినను కట్టుటయు అనుభవించుటయు వేఱుచేయరాదను బుద్ధి యందున్నది. దివాను కట్టించి యిచ్చిన చెఱువున లోపించినది యిదియే.

మఱియు, మంచి ప్రభువును తలచుకొనువారు నగరము దాటి చూడరు. ఆ కాలమున జిల్లాలలో శిస్తు వసూలును గుత్తకిచ్చుచుండిరి. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగు ఆ పద్ధతిని తొలగించువఱకు గుత్తదారే రైతుకు ప్రభువు. వెట్టిచాకిరి అటుపిమ్మటను పోలేదు. 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘమును, 1930లో జోగిపేటలో మొదటిసారి కూడిన ఆంధ్రమహాసభయు దానితో పోరాడవలసివచ్చెను. ప్రభువు మంచివాడైన నాడు చెఱువు లభించును. కానినాడు అడుగుటకు దిక్కెవరు?

మఱి 1952లో అందఱికిని ఓటు వచ్చెను గదా, చెఱువేల చెడెను? మేమనుకొనుట యేమన, ఓటుతో మనము క్రొత్త దివానును ఎన్నుకొని మరల వాకిట నిలువబడితిమి. అయిదేండ్లకొకమాఱు తీర్పు చెప్పువాడు తిన్నవాడు గాడు, విస్తరి లెక్కపెట్టినవాడు. 1993లో అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, 3 లక్షలు గాని అంతకు మించి గాని జనులున్న పురములలో వార్డు కమిటీలుండవలెననియు, పురపాలక స్థానములలో మూడవ వంతుకు తగ్గకుండ స్త్రీలకు కేటాయింపవలెననియు విధించినది. అట్టి కమిటీ యొకటి కలదని మన యిండ్లలో నెందఱికి తెలియును? ఏ కాలువ యెచ్చట చెఱువులో కలియుచున్నదో అందు నిలిచి యడిగిన గృహిణి యెవరు?

కమిటీ కూడనియెడల, ఏల కూడలేదని 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో వ్రాసి యడుగవచ్చును. సమాధానము వచ్చిన పిదప, మంచి దివాను కావలెనా వలదా యను చర్చను భోజనానంతరము తీరికగా సాగింపవచ్చును.