నీటి చుక్క పడితే

సున్నిపిండి పొడిగా ఉన్నంతకాలం డబ్బాలో నెలల తరబడి నిలుస్తుంది. తడిపి ఉంచితే మర్నాటికే పులిసిన వాసన. ఇంట్లో చేసుకునే క్రీములన్నిటికీ ఇదే అసలు పాఠం. కొబ్బరినూనె, తేనెమైనం కరిగించి చేసిన లేపనంలో నీరు ఉండదు. తడి చెయ్యి పెట్టనంతవరకు అందులో సూక్ష్మజీవులు పెరగవు. అదే రోజ్‌వాటరో, కలబంద గుజ్జో కలిపి దాచుకోవాలంటే ప్రిజర్వేటివ్ తప్పదు. విటమిన్ ఈ వేస్తే చాలంటారు కొందరు. అది నూనె పాతబడి వాసన రాకుండా చూస్తుంది గానీ, బూజును ఆపదు.

ఇక నిమ్మరసం. చర్మం పీహెచ్ దాదాపు 5, నిమ్మరసానిది 2 దగ్గర. ఆ లెక్కలో ఆమ్లగుణం తేడా వెయ్యి రెట్లు! పైగా రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి నల్లమచ్చలు పడొచ్చు. సున్నిపిండిలో కొందరు వేసే బావంచాలకూ ఎండలో మచ్చలు తెచ్చే ఆ గుణం ఉంది. సహజమైనదే కదా అనే ధీమా నాకు నచ్చదు. కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో కాస్త రాసి, ఒక రోజు ఆగండి. దురదో, ఎర్రదనమో కనిపిస్తే ముఖం దాకా తీసుకెళ్లకండి.