మునిగే దారం

మా తమ్ముడు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటాడు. పదివేల సరస్సుల రాష్ట్రమని దానికి పేరు. నిజానికి పదెకరాలు దాటినవే 11,842 ఉన్నాయట. కిందటి జూలైలో వాడి దగ్గరికి వెళ్లిన మూడో రోజునే నన్ను గాలాలమ్మే దుకాణానికి తీసుకుపోయాడు. చీరల కొట్లో పరిచినట్టు దారం చుట్టలు ఒక్కొక్కటే తీసి మా ముందు పెట్టారు.

"దేనికిరా ఇన్ని?" అన్నాను.

"బ్యాస్ కోసం అక్కా."

ఆఫీసులో బాస్‌కి బహుమతేమో అనుకున్నాను. కాదు, చేప!

చెప్పొద్దూ, గాలమంటే నాకు తెలిసింది వెదురు కర్ర, వానపాము, నీళ్లమీద బెండు. వీడిది వేరే తంతు. ఎర అంటే ఈకలూ వెంట్రుకలూ చుట్టిన ఉత్తుత్తి పురుగు. దానికి బరువుండదు. అందుకని బరువంతా దారానికే పెడతారు. దారాన్ని విసిరితే దాని వెనకే ఎర వెళుతుంది. తేలే దారం పూతలో కంటికానని గాజు బుడగలుంటాయి. మునిగేదాన్లో టంగ్‌స్టన్ పొడి ఉంటుంది.

ఎండలు ముదిరితే బ్యాస్ లోతుకు దిగిపోతుంది. అప్పుడు మునిగే దారం కావాలి. ఎంత వేగంగా మునిగేది? అక్కడే వచ్చింది తంటా. ఒకదాని పేరు ఇంటర్మీడియట్. ఆ మాట చూడగానే మా అబ్బాయి పరీక్షలు గుర్తొచ్చి నా గుండె దడదడలాడింది. అది సెకనుకి ఒకటి రెండంగుళాలే దిగుతుంది. టైపు 3 సుమారు మూడంగుళాలు, టైపు 6 ఆరు. అంటే పదడుగులు దిగడానికి ఒకదానికి నలభై సెకన్లు, రెండోదానికి ఇరవై.

"అయితే ఆరే కొను. సగం టైము కలిసొస్తుంది."

వాడు నవ్వాడు. "ఐదారడుగుల నీళ్లలో అది తిన్నగా పోయి నాచులో చిక్కుకుంటుందక్కా. అక్కడికి ఇంటర్మీడియటే మంచిది. చేప ఎంత లోతులో ఉందో చూసుకోవాలి గానీ, మన తొందర చూసుకుంటే ఎలా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. నేనక్కడికి ఊరికే వెళ్లలేదు. వాడి కాపురం చెడిపోయి రెండేళ్లయింది. కారణం ఎవరికీ చెప్పలేదు. "నీకైతే చెబుతాడే, కనుక్కో" అని అమ్మ మరీ మరీ చెప్పి పంపింది. విమానం దిగిన రాత్రే, అన్నం కలుపుకుంటూ అడిగేశాను. టైపు 6 ప్రశ్న! వాడు పెరుగు గిన్నె నావైపు జరిపి, "ప్రయాణం చేసొచ్చావు, పడుకో అక్కా" అన్నాడు.

బి.ఏ.లో ఫిలాసఫీ చదివిన పాపానికి ఆ తర్వాత నాకు ఇదే ఆలోచన. ఇంకొకరి మనసు అడుక్కి దిగే హక్కు మనకెక్కడిది? ప్రేమ ఉంటే చాలదూ అంటుంది అమ్మ. కానీ ప్రేమా కుతూహలమూ పాలూ నీళ్లలా కలిసే ఉంటాయి. నవలలు రాసే నాబోటిదాన్లో నీళ్ల పాలే ఎక్కువ.

ఆదివారం పడవలో వాడితో దెబ్బలాట పెట్టుకున్నాను. పట్టిన చేపని మళ్లీ వదిలేస్తాడు మహానుభావుడు. "తినేవాడు పడితే అర్థముంది, అమ్ముకునేవాడు పడితే అర్థముంది. సరదాకి నోరు చీల్చి దయగా వదలడమేమిట్రా?" అన్నాను.

దానికి వాడు సరైన జవాబు చెప్పలేదు. కాసేపాగి, "ముప్ఫై అడుగుల లోతునుంచి లాగితే దాని ఒంట్లో గాలితిత్తి ఉబ్బిపోతుంది. వదిలినా కిందికి దిగలేదు. పక్కకి ఒరిగి పైనే తేలుతూ ఉంటుంది. అందుకని అంత లోతులో నేను వెయ్యను. దాన్ని వదిలేశానని చెప్పుకోవడం అబద్ధం కదా" అన్నాడు.

పదేళ్లనాటి ఓ మధ్యాహ్నం గుర్తొచ్చింది. కాఫీ ఇచ్చి, చెయ్యి పట్టుకుని, నా స్నేహితురాలి చేత ఆవిడ ఎవరికీ చెప్పని కథ చెప్పించాను. ఏడిస్తే నా కొంగుతో కళ్లు తుడిచాను. ఆ తుడవడం అబద్ధం కాదు. కానీ ఏడాది తిరక్కుండా ఊరూ పేరూ మారి ఆ కథ నా నవల్లో మూడో ప్రకరణమయింది. చెప్పుకుంటే భారం తగ్గుతుందంటారు. తగ్గేవాళ్లకి తగ్గుతుంది కాబోలు. ఆవిడ మాత్రం మా గడప తొక్కలేదు. పెళ్లిళ్లలో ఎదురుపడితే, పాపం, పాత మామూలు మొహం పెట్టుకుందామన్నా ఆవిడకి కుదిరేది కాదు. ఆ మొహం నేనే తీసేసుకున్నాను.

ఇంతకీ ఏ దారం కొన్నామో చెప్పలేదు కదూ. టైపు 3. వాడు విసిరి, గట్టిగా లెక్కపెట్టేవాడు. నలభై దాకా ఆగి, చేత్తో కొంచెం కొంచెంగా లాక్కునేవాడు. మునిగిన దారాన్ని ఒక్క ఊపున పైకెత్తడం కుదరదట. దాదాపు మొత్తం లాక్కున్నాకే మళ్లీ విసరాలి. నేను ఏమీ అడక్కుండా కూర్చున్నాను. అడక్కుండా ఉండడం నాకెంత కష్టమో మా వారినడగండి.

నాలుగోసారో అయిదోసారో ముప్ఫై ఒకటి దగ్గర వాడి లెక్క ఆగిపోయింది.

"ఆ అమ్మాయి తప్పేం లేదక్కా" అన్నాడు, నీళ్లకేసి చూస్తూ.

ఎవరి తప్పు మరి అన్న మాట నా నాలిక చివరిదాకా వచ్చింది.

"ముప్ఫై రెండు" అన్నాను.