ఏనుగుల రాత్రికి ఏ కన్ను?

చిన్నా, పలమనేరులో బీట్ ఆఫీసరుగా చేరావని తెలిసిన దగ్గర్నుంచీ చీకటి పడితే నువ్వే గుర్తొస్తున్నావు. రాత్రి గస్తీకి నైట్ విజన్ కొనాలా, థర్మల్ కొనాలా అని అడిగావు కదా. బందరులో కటకాల మధ్య ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి, తెలిసింది చెబుతాను.

నైట్ విజన్ చీకటిని చూడదు నాయనా, చీకట్లో మిగిలిన కాస్త వెలుతురును పెంచుతుంది. ఆ వెలుతురు ఫొటోక్యాథోడ్ మీద పడితే ఎలక్ట్రాన్లు పుడతాయి. వెంట్రుక కన్నా సన్నని లక్షల రంధ్రాలున్న పలక వాటిని వేల రెట్లు చేసి, తెర మీద ఆకుపచ్చ బొమ్మగా నిలబెడుతుంది. వెన్నెల రాత్రి చెరువు గట్టు మీద నడిచే మనిషి చేతిలో కర్ర కూడా తెలుస్తుంది. అమావాస్య నాడు మబ్బేసి, నువ్వు చెట్ల కింద ఉన్నావో, తెరంతా ఇసుక చల్లినట్టుంటుంది.

థర్మల్‌కు వెలుతురుతో పని లేదు. ఒంటి నుంచి వచ్చే 8–14 మైక్రాన్ల వేడి కిరణాలే దానికి ఆధారం. మామూలు గాజు వాటిని పోనివ్వదు, అందుకే దాని కటకం జెర్మేనియంతో చేస్తారు. జీపు అద్దం ఎత్తి లోపల్నుంచి చూస్తే బయటిదేమీ కనబడదు. అద్దం దించే చూడు.

కౌండిన్య అడవికి 1980లలో తమిళనాడు, కర్ణాటకల నుంచి వచ్చిన ఏనుగులు మీ రైతుల చేలలోకి దిగుతున్నాయి. అంత పెద్ద ఒళ్లు పొదల వెనక నుంచి కాస్త బయటపడ్డా థర్మల్ దూరం నుంచే పట్టిస్తుంది. ఒకటే కొనగలిగితే అదే కొను. కానీ ఎండాకాలంలో మీ బండలు పొద్దుగూకాక కూడా చాలాసేపు కాగుతూనే ఉంటాయి. వాటి మధ్య ఏనుగు కలిసిపోతుంది. చెరువులో మునిగి వచ్చినదాని తడి చర్మం చల్లగా ఉంటుంది గనక మసకగా కనబడుతుంది. జోరు వానలో ఆ కన్ను ఇంకా మందగిస్తుంది.

అన్నిటికన్నా నాకు భయం వేరే ఉంది. థర్మల్ తెర మీద దూరాన కనిపించే తెల్లటి మచ్చ అక్కడ వేడి ఉందని చెబుతుంది గానీ, అది ఎవరో చెప్పదు. చేను కాపలాకు వచ్చి గట్టు మీద ముడుచుకుని పడుకున్న రైతూ, పడుకున్న దూడా దాదాపు ఒకేలా ఉంటారు. ఏనుగే అని తేలేదాకా, చుట్టుపక్కల మనుషులెవరూ లేరని కేకేసి తెలుసుకునేదాకా ఏనుగుల్ని తరమడానికి టపాసు వెలిగించకు. బెదిరిన గుంపు నీకు తెలియని వైపు పరిగెత్తితే ఆ దారిలో ఎవరి గుడిసె ఉందో!

ఇంకోటి. తెర వెలుగు బాగా తగ్గించి ఒక కంటితోనే చూడు. వెలుగు చూసిన కన్ను మళ్లీ చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి అరగంట దాకా పడుతుంది. ఆ అరగంటలో నీ కాళ్ల దగ్గరున్నది నీకు కనబడదు.

కొనేముందు దుకాణంలో ఏసీ గదిలో చూసి మురిసిపోకు. సాయంత్రం ఏడింటికి మీ బండల దగ్గరికి తీసుకెళ్లి, పాత ట్రాకర్ చేతికిచ్చి చూపించు. సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకురా, కటకం మీద గీతలేమైనా ఉన్నాయేమో నేను చూస్తాను.