శక్తి యెచ్చట నుండును?

కొత్తగూడెమునుండి మణుగూరునకు పోవు బాట కిరువంకల నున్న యడవిని భద్రాద్రి యాత్రికులలో పలువురు చూతురు. దాని యడుగున నున్న బొగ్గును గనిపనివారే యెఱుగుదురు. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు చెంత ఆ నిక్షేపములను గుర్తించిన పిమ్మట ఈ సీమలో గనులు వెలసినవి. గనులతో తూటాలు వచ్చినవి. బాయిలోనికి తూటా దిగక మునుపే, అందలి మందు ఎంత వేడిమికి నిలుచునో ప్రయోగశాల తేల్చవలెను.

అట్లు తేల్చు సాధనములలో జర్మనీలో రూపొందిన కోనెన్ గొట్టమొకటి. 75 మిల్లీమీటర్ల పొడవును, 24 మిల్లీమీటర్ల లోవ్యాసమును గల యుక్కుగొట్టమున మందు నింపి, నడుమ రంధ్రము గల బిళ్ళను మూతగా బిగించి, నాలుగు ప్రొపేన్ మంటల నడుమ నుంచి, పరీక్షకులు దూరముగా తొలగిపోవుదురు. రంధ్రము విశాలమైనచో వాయువు బుసకొట్టుచు వెలికి పోయి, మందు కాలి యూరకుండును. బిళ్ళలు మార్చుచు రంధ్రమును సన్నము చేసిన కొలది, ఒకానొక కొలత చెంత గొట్టమే తునుకలగును. మందు అదే, మంటలు నవే. పుస్తకమున కెక్కు ఫలితము మాత్రము రంధ్రపు వ్యాసము!

ఈ వింతను మన తార్కికులు గొట్టము లేకయే చర్చించిరి. అరచేత నిప్పు పెట్టినను, మణిమంత్రాది ప్రతిబంధక మున్నచో చేయి కాలదు గనుక, నిప్పునందు శక్తి యను వేఱొక పదార్థము కలదనియు, ప్రతిబంధకము దానినే నశింపజేయుననియు మీమాంసకులలో ప్రాభాకరుల వాదము. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహదీపికలో దీనిని త్రోసిపుచ్చి, ప్రతిబంధకము లేకుండుటయు కార్యమునకొక కారణమే యనియు, కారణత్వమునకు మించిన శక్తి లేదనియు తీర్మానించెను. బొగ్గుగనుల కనుమతించిన తూటాలలో ఉప్పు కలుపుట యెఱిగినవారికి ఈ మాట యిట్టే బోధపడును: ఉప్పు జ్వాలను చల్లార్చుటచే తూటా ప్రేలును, బొగ్గు విరుగును, బాయిలోని గ్యాసు మాత్రము అంటుకొనదు. మంత్రముకంటె ఉప్పు నమ్మదగినదని నా యభిప్రాయము.

కావున నేను దీపికాకారుని వైపే మొగ్గుదును. కాని యిసుకను అదే గొట్టమున నింపి, అదే బిళ్ళ బిగించి, అవే మంటల నడుమ నెంతసేపుంచినను అది ప్రేలదు కదా! దానికి స్వరూపయోగ్యత, అనగా ప్రేలదగిన స్వభావము, లేదని నైయాయికుడు చెప్పును. ఆ యోగ్యతనే తాను శక్తి యనుచున్నానని ప్రాభాకరుడు తిరిగి లేచినచో, అన్నంభట్టు శిష్యులు మఱికొంత శ్రమపడవలసియే యుండును.