ఛాతీనొప్పిని దాచుకోవటం సబ్ర్ అవుతుందా?

గుండెకు స్టెంట్ వేయించుకుని ఇంటికి వచ్చిన పెద్దాయనకు పదిరోజుల తర్వాత అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వచ్చిందనుకోండి. పక్కగదిలో కొడుకు ఉన్నాడు. అయినా లేపడు. ‘అల్లాహ్ పెట్టిన పరీక్ష, సబ్ర్ చేయాలి’ అనుకుని తస్బీహ్ చేతపట్టి తెల్లవారేదాకా కూర్చుంటాడు. మా బాన్సువాడ ప్రాంతంలో ఇలాంటి పెద్దలు తక్కువేమీ కాదు. గుండె వైద్యానికి నిజామాబాదుకో, హైదరాబాదుకో పోవాలి. కారు కిరాయి, కొడుకు పోగొట్టుకునే పనిదినాలు, మళ్లీ పరీక్షలు - ఇవన్నీ ఆ మౌనంలో ఉన్నాయి. మరి షరీఅత్ దృష్టిలో ఆ మౌనం సబ్ర్ అవుతుందా?

హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) తనకు బాధ కలిగిందని ప్రభువుకు మొరపెట్టుకున్నారు. అయినా దివ్య ఖుర్ఆన్ ‘సాద్’ సూరాలో ఆయనను సహనశీలిగానే పేర్కొన్నది. ఆయన చెప్పుకున్నది అల్లాహ్‌కు, డాక్టరుకు కాదు కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీనికి సునన్ అబూ దావూద్‌లో ఒక ఉల్లేఖనం ఉంది. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) పరామర్శకు వచ్చి, ఆయన ఛాతీపై చేయివేసి, ఇది గుండెజబ్బని చెప్పి, సఖీఫ్ తెగకు చెందిన వైద్యుడు హారిస్ బిన్ కలదా వద్దకు వెళ్లమన్నారు. (ఈ పరంపరపై హదీసువేత్తలలో చర్చ ఉంది, అయితే వైద్యం చేయించుకోమనే ఆదేశం ఇతర హదీసులలోనూ ఉంది.) హారిస్ ఇస్లాం స్వీకరించాడా లేదా అన్నదానిపై భేదాభిప్రాయం ఉంది. అయినా ఆయన పేరు చెప్పటానికి అది అడ్డు కాలేదు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం బుఖారీ, ముస్లింలలోని మూర్ఛరోగి స్త్రీ వృత్తాంతం. స్వస్థత కోసం దుఆ చేయమంటావా, సహనం వహించి స్వర్గం పొందుతావా అని అడిగితే ఆమె సహనాన్నే ఎంచుకున్నది. నిజమే. కానీ ఆమె ముందు వచ్చి తన జబ్బు చెప్పుకున్నది. మూర్ఛ వచ్చినప్పుడు ఒంటిమీది బట్ట తొలగిపోతున్నదన్న బాధనూ దాచలేదు. చెప్పుకున్న తర్వాతనే ఎంచుకున్నది.

మన పెద్దాయన దేన్ని ఎంచుకున్నాడో ఆయనకే తెలియదు. స్టెంట్ వేశాక ఒకటి రెండు రోజులు, రక్తనాళం సాగినందువల్ల, కొద్దిపాటి నొప్పి ఉండవచ్చు. బైపాస్ అయితే కోసిన రొమ్ము ఎముక అతకటానికి రెండు మూడు నెలలు పడుతుంది. దగ్గినా, పక్కకు తిరిగినా నొప్పే. కానీ ఛాతీపై బరువు పెట్టినట్లుండి, చేతికో దవడకో పాకి, చెమటలు, ఆయాసం వస్తే అది వేరు. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడు ప్రతి నిమిషం గుండె కండరం దెబ్బతింటూనే ఉంటుంది. చక్కెరవ్యాధి ఉన్నవారికి నొప్పే సరిగా తెలియకపోవచ్చు. ఏది ఏదో తేల్చవలసింది ఈసీజీ, రక్తపరీక్ష. మన రాష్ట్రంలో 2005 నుంచి 108 బండి ఉన్నది, అర్ధరాత్రయినా పిలవవచ్చు.

కొడుకుపై భారం వేయకూడదనుకోవటం ప్రేమే, దాన్ని నేను చిన్నచేయను. కానీ తండ్రికి సేవ చేయటం కొడుకుపై అల్లాహ్ విధించిన బాధ్యత. అతనికి తెలియనివ్వకుండా దాన్ని తప్పించే హక్కు తండ్రికి ఎక్కడిది? కొడుకులకు కూడా ఒక మాట. నాన్న నొప్పి అన్నప్పుడు మీ నోట మొదట వచ్చే మాట ‘మళ్లీనా?’ అయితే ఆయన రెండోసారి చెప్పడు. అప్పుడు ఆయన మౌనానికి జవాబుదారీ ఆయన ఒక్కడే కాదు.

రంజానులో కొందరు ఉపవాసం కోసం రక్తం గడ్డకట్టకుండా వాడే మాత్రలు ఆపేస్తారు. స్టెంట్ వేసిన తొలి నెలల్లో ఇది ప్రాణాపాయం. రోగికి మినహాయింపును ఖుర్ఆనే ఇచ్చింది. ఉపవాసం పెట్టవచ్చా లేదా అన్నది డాక్టరును అడిగి తేల్చుకోవాలి. అలాగే బైపాస్ అయినవారు చేతులు ఆనించి సజ్దా నుంచి లేవటం వల్ల అతకని ఎముకపై ఒత్తిడి పడుతుంది. వారు కూర్చుని, సైగతో నమాజు చేసుకోవచ్చు. మస్జిదులో కుర్చీ వేసుకున్న అలాంటి వారిని వింతగా చూడకండి.