ఓటు ఎవరి కర్మ?

పార్టీ విప్ ప్రకారం శాసనసభ్యుడు ఓటేస్తే, దానివల్ల జరిగే మంచిచెడ్డలు ఎవరికి చెందుతాయి? పార్టీకా, గెలిపించిన ఊళ్లకా, అతనికా? రాజ్యాంగ నిపుణులు తేల్చే విషయమని దీన్ని పక్కన పెడుతుంటాం. కానీ అడుగున ఉన్నది ధర్మాధర్మాల ప్రశ్న. కృష్ణా జిల్లాలోని ఘంటసాల వైపు నుంచి దాన్ని అడగడానికి కారణం ఉంది. ప్రాచీన భూగోళ రచయిత టాలెమీ పుస్తకానికెక్కిన ఈ రేవుపట్నం ఒకప్పుడు పేరున్న బౌద్ధక్షేత్రం. ఇక్కడి ప్రాకృత శాసనంలో శివకుడనే మహానావికుడి పేరుంది. ఈ ఊరి మహాచైత్యానికి తూర్పు ద్వారం దగ్గర రాతిమంటపం కట్టించిన ఉపాసిక బోధిశ్రీ పేరు నాగార్జునకొండ శాసనంలో ఉంది. పేరు చెక్కించుకోవడమంతా కీర్తికాంక్షే అని కొట్టిపారేయలేం. ఎవరు సంకల్పించారో ఫలం వాళ్లదేనన్న విశ్వాసం దాని వెనక ఉంది. సంకల్పాన్నే కర్మ అంటానని చెప్పినవాడు బుద్ధుడు.

ఆ విశ్వాసం దానాల దగ్గరే ఆగలేదు, బౌద్ధ భిక్షుసంఘం నిర్ణయాలు చేసే పద్ధతిలోకీ వచ్చింది. ముఖ్యమైన విషయాల్లో ప్రతిపాదన చేశాక మూడుసార్లు ప్రకటించేవారు. సమ్మతించినవారు మౌనంగా ఉండాలి, కాదనేవారు మాట్లాడాలి. జబ్బుపడి రాలేని భిక్షువు తన సమ్మతిని మరొకరి ద్వారా పంపాలి. లేకపోతే సంఘం చేసిన పని చెల్లదు. మౌనం అర్ధాంగీకారమని మనం తేలిగ్గా అంటాం. అక్కడ మౌనం పూర్తి అంగీకారం, దాని బాధ్యత మౌనంగా కూర్చున్న ప్రతి ఒక్కరిదీ. మాట కుదరనప్పుడు శలాకలు, అంటే ఓటు పుల్లలు పంచేవారు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఈ భిక్షుసంఘాల సభానియమాలనే గుర్తుచేశారు. ప్రజాస్వామ్యం ఈ దేశానికి కొత్త కాదని, ఒకసారి పోగొట్టుకున్నామని, మళ్లీ పోగొట్టుకోవచ్చని ఆయన హెచ్చరిక.

ఇప్పటి సంగతికి వద్దాం. ఘంటసాల మండలం అవనిగడ్డ శాసనసభ నియోజకవర్గంలో, మచిలీపట్నం లోక్‌సభ స్థానంలో ఉంది. ఈ తరం చూసిన అతిపెద్ద నిర్ణయం రాష్ట్ర విభజన. 2014 జనవరి 30న ఉమ్మడి రాష్ట్ర శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది మూజువాణి ఓటుతో. ఫిబ్రవరి 18న లోక్‌సభ అదే బిల్లును ఆమోదించిందీ మూజువాణి ఓటుతోనే. మూజువాణిలో అవునన్న గొంతులు, కాదన్న గొంతులు సభాపతి చెవికి చేరతాయి. ఎవరు ఏమన్నారో పేరుపేరునా పుస్తకానికెక్కదు. కోట్లమంది బతుకుకు సంబంధించిన ఈ రెండు నిర్ణయాలకూ సభ్యులవారీ ఓటు లెక్క లేదు. విభజన మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఎటు ఓటేసినవాడైనా తన ఓటుకు సొంతదారు కాకుండా పోవడమే నాకు బాధ కలిగించేది. సభ్యుడి హాజరు ఎంత, ఎన్ని ప్రశ్నలు వేశాడు, ఎన్ని చర్చల్లో పాల్గొన్నాడు అన్న లెక్కలు దొరుకుతున్నాయి. అవీ కావలసినవే. కానీ వంద ప్రశ్నలు వేసినవాడు కూడా చివరికి చట్టానికి అవునన్నాడో కాదన్నాడో వాటివల్ల తెలియదు.

విప్ ఉన్నాక సొంత ఓటెక్కడిదని అడగవచ్చు. 1985లో రాజ్యాంగంలోకి వచ్చిన ఫిరాయింపుల నిరోధక పదో షెడ్యూలు ప్రకారం పార్టీ ఆదేశాన్ని కాదని ఓటేసినా, ఓటేయకుండా కూర్చున్నా, పార్టీ పదిహేను రోజుల్లో క్షమించకపోతే సభ్యత్వానికే ముప్పు. జనం గుర్తు చూసి వేశారు కాబట్టి గుర్తుకు కట్టుబడటమే ధర్మమన్న వాదనలో బలం లేకపోలేదు. అయితే చట్టం కూడా ఊరకే కూర్చోవడాన్ని ఒక పనిగానే లెక్కించిందని గమనించాలి. అది ధర నిర్ణయించింది, సంకల్పాన్ని తీసేయలేదు. కాదంటే పదవి పోతుందని తెలిసి అవునన్నవాడు పదవిని ఎంచుకున్నాడు. ఆ ఎంపిక తప్పని అనను. పదవిలో ఉంటేనే ఊరికి మేలు చేయగలనని అతను నిజంగానే నమ్మి ఉండవచ్చు. అలా నమ్మినవాడు ఆ మాట ఊరికి చెప్పాలి. చెప్పాలంటే ముందు ఆ ఓటు కనబడాలి.

పల్లె ప్రతినిధిని కొలవాల్సింది సభలో కాదు, కాలువ గట్టు మీద అనేవారున్నారు. అవనిగడ్డ ఉన్న దివిసీమలో ఈ మాటకు చాలా బరువుంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేలమంది పోయాక, స్థానిక నాయకుడు మండలి వెంకట కృష్ణారావును జనం గుర్తుంచుకున్నది బాధితుల మధ్య ఆయన చేసిన సేవకే. 1957లో మచిలీపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లినప్పుడు ఆయన ఏ బిల్లుపై ఏమన్నారో గుర్తున్నవారు అరుదు. అందులో జనం తప్పేమీ లేదు, కన్నీళ్లు తుడిచిన చెయ్యి గుర్తుంటుంది. కానీ సహాయం అధికారులు చేయగలరు, స్వచ్ఛంద సంస్థలు చేయగలవు. నియోజకవర్గం తరఫున చట్టానికి అవునో కాదో చెప్పగలిగినవాడు ఒక్కడే. ఆయకట్టు చివరి పొలానికి నీళ్లు రావడం, భూమి పాసుపుస్తకం మీద హక్కు నిలవడం చివరికి చట్టం దగ్గరికే చేరతాయి.

భిక్షుసంఘంలో రహస్య ఓటూ ఉండేదిగా అంటే, ఉండేది. పైగా అధర్మపక్షం నెగ్గుతోందనిపిస్తే శలాకలు పంచిన భిక్షువు ఆ ఓటింగును చెల్లదనవచ్చు. ఆ అధికారం ఈనాటి ఏ సభాపతి చేతిలోనూ ఉండకూడదు, కాబట్టి పద్ధతిని యథాతథంగా తెచ్చుకోమనడం లేదు. భిక్షువు తన తరఫున తాను పుల్ల తీసుకున్నాడు, సాధారణ ఓటరు కూడా అంతే. వారికి రహస్యం రక్షణ. ప్రతినిధి ఓటు ఇతరులది, అతనికి అప్పగించినది. అప్పగించినవారికి లెక్క చెప్పాలి. లోక్‌సభ నియమాల్లో డివిజన్, అంటే సభ్యులవారీ ఓటింగు, అడిగే వీలుంది. అయితే అది అనవసరంగా అడిగారని సభాపతి భావిస్తే సభ్యులను లేచి నిలబడమని తలలు లెక్కించవచ్చు, అప్పుడు ఓటేసినవారి పేర్లు నమోదు చేయరు. ముందు మార్చాల్సింది ఆ ఒక్క నియమాన్ని. తలలు లెక్కపెట్టే తీరిక ఉన్న సభకు పేర్లు రాసుకునే తీరికా ఉంటుంది.