తల మారిన బండి

బేతాళ కథలు వింటూ పెరిగిన వాళ్ళకి తలలు తారుమారైన కథ గుర్తుండే ఉంటుంది. మదనసుందరి భర్తా, సోదరుడూ అమ్మవారి గుడిలో ఒకరి తర్వాత ఒకరు తలలు నరుక్కుంటారు. ఆమె కూడా ప్రాణం తీసుకోబోతే దేవి ఆపి, తలల్ని మొండేలకి అతికించమంటుంది. కంగారులో ఆమె ఒకరి తల ఇంకొకరి మొండేనికి పెడుతుంది. ఇద్దరూ లేచి నిలబడతారు. ఇప్పుడు ఆమె భర్త ఎవరు? అవయవాలన్నిటిలో తలే ముఖ్యం కాబట్టి భర్త తల ఎవరికుంటే అతనే భర్త అని రాజు జవాబు. సోమదేవుడి కథాసరిత్సాగరంలోని ఈ కథని థామస్ మన్ 1940లో నవలికగా రాశాడు. 1971లో వచ్చిన గిరీష్ కర్నాడ్ నాటకం ‘హయవదన’లో అయితే కొన్నాళ్ళకి ఒళ్ళు కూడా తలకి లొంగి, దానికి తగ్గట్టు మారిపోతుంది. ఎక్కడైనా గెలుపు తలదే. మదనసుందరిని మాత్రం ఎవరూ అడగలేదని స్త్రీవాద విమర్శ ఎప్పుడో చెప్పింది. పాఠం చెప్పేటప్పుడు నేనూ చెప్పాను.

ఆ కథని మళ్ళీ తీయాల్సి వచ్చింది ఒక మోటార్ సైకిల్ వల్ల. ఇలాంటి పత్రికలో మోటార్ సైకిల్ గొడవేమిటని అనుకుంటారేమో. మన ఊళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళ ప్రయాణాలు దాని వెనక సీటు మీద జరుగుతున్నాయో ఒక్కసారి తలుచుకోండి.

మా నాయన 1991లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 మా ఇంట్లో ఉంది. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజను, వంద కిలోలు దాటీ దాటని బరువు. మన దేశంలో 1985 నించి 1996 దాకా తయారైంది. ఆగిపోయి పాతికేళ్ళు దాటినా కుర్రాళ్ళకి దాని మీద మోజు తగ్గలేదు. అయితే దానికి పేరొచ్చింది ఉరకడంలో గానీ ఆగడంలో కాదు. ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే. నాయన పోయాక బండి తమ్ముడి చేతికొచ్చింది. వాడు దాని ముందు భాగం మొత్తం తీసేసి, ఒక ఆర్15 బండివి ఫోర్కులు, చక్రం, డిస్కు, కాలిపర్, హ్యాండిల్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్, అన్నీ తెచ్చి పెట్టించాడు. చెన్నై పుదుపేటలో పాత సామాన్ల అంగళ్ళలో కొన్నాడు. “వెనకనించి లారీ గుద్దిన బండంటక్కా, ముందర ఏమీ కాలేదు” అన్నాడు. ఆ బండి మీదున్న వాళ్ళు ఏమయ్యారని అడిగితే “అవన్నీ అడగరక్కా” అన్నాడు.

రేణిగుంట రోడ్డు వైపు ఒక షెడ్డులో మూడు రోజులు పట్టింది ఆ పని. రెండు సాయంత్రాలు నేనూ పోయి కూచున్నాను. బయటినించి చూస్తే నట్లు విప్పి నట్లు బిగించడమే అనిపిస్తుంది. అసలు కష్టమంతా మెడ దగ్గర. రెండు ఫోర్కుల్నీ కలిపి పట్టుకునే అడ్డపట్టీని మెకానిక్కులు ‘టీ’ అంటారు. దాని నడుమనున్న ఇనుప కడ్డీ ఫ్రేము మెడగొట్టంలో దూరి, పైనా కిందా కోన్‌సెట్ల మీద తిరుగుతుంది. ఆర్15 కడ్డీ ఈ మెడకి సరిపోదు. పొడుగు వేరు, లావు వేరు. దాన్ని ప్రెస్సులో పెట్టి ఊడగొట్టి, పాత బండి కడ్డీని లేత్ మీద సైజు చేసి కొత్త టీలో దిగ్గొట్టాలి. వెల్డింగ్ పెట్టేస్తే సులువు కదా అన్నాను. వేడికి అక్కడ లోహం పెళుసుబారుతుందనీ, అది విరిగిందంటే మనిషి మిగలడనీ చెప్పాడు మెకానిక్. ముప్ఫై ఏళ్ళు కూడా లేని ఆ అబ్బాయి కడ్డీని వేలితో తడిమి వెంట్రుకవాసి తేడా పట్టుకుంటున్నాడు. సిద్ధాంత గ్రంథాలకి ప్రూఫులు దిద్దేచోట కూడా అంత శ్రద్ధ నేను చూడలేదు.

కడ్డీతో అయిపోలేదు. ఆర్‌ఎక్స్ ముందు చక్రం 18 అంగుళాలు, ఆర్15ది 17. ముందు భాగం కిందికి దిగితే ఫోర్కు వాలు తగ్గి నిటారవుతుంది. హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది, వేగంలో నిలకడ తగ్గుతుంది. పాత బండి మీటరుకి కేబులు ముందు చక్రం డ్రమ్ము నించి వచ్చేది, ఇప్పుడు దానికి చోటు లేదు. నాయన తిరిగిన కిలోమీటర్ల లెక్క అక్కడే నిలిచిపోయింది. అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది ఏబీఎస్. 125 సీసీ దాటిన బళ్ళన్నిటికీ 2019 ఏప్రిల్ నించి అది తప్పనిసరి. బ్రేకు ఎంత గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా క్షణక్షణం వదిలి పట్టే ఏర్పాటు. దాని సెన్సారు చక్రం దగ్గరుంటుంది, ఎప్పుడు వదలాలో నిర్ణయించే పెట్టె బండి ఒంట్లో ఉంటుంది. తమ్ముడి సామానులో సెన్సారు వచ్చింది, పెట్టె రాలేదు. తలే ముఖ్యమన్న రాజు గారికి ఈ సంగతి చెప్పాలి. పట్టే బలం తలతో వచ్చింది, ఎంత పట్టాలో తెలిసిన వివేకం మొండెంలో ఉండిపోయింది.

ఇది ఇంకా నాయన బండేనా అని ఇంట్లో వాదన జరిగింది. చెక్కలన్నీ ఒక్కొక్కటే మార్చిన థీసియస్ ఓడ అదే ఓడా కాదా అని తత్వవేత్తలు వాదించుకునేవారని ప్లూటార్క్ రాశాడు. చట్టానికి అంత తీరిక లేదు. బండికి గుర్తింపు ఛాసిస్ నంబరు, మోటార్ సైకిళ్ళకి అది సాధారణంగా మెడగొట్టం మీదే కొట్టి ఉంటుంది. తలా కాదు మొండెమూ కాదు, మెడ. ఆ లెక్కన అది నాయన బండే. కానీ 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో, కేరళ నించి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. కాబట్టి బండి అదే, రోడ్డెక్కే అర్హత మాత్రం లేదు.

ఒక పక్కమాట. తెలుగువాళ్ళకి ఇంటిపేరు ముందుంటుంది. పెళ్ళయ్యాక ఆడమనిషి పేరుకి ముందు భాగం విప్పి ఇంకొకటి బిగిస్తారు. దానికి ఏ తయారీదారు ఒప్పుకోలూ అక్కర్లేదు. సర్టిఫికెట్లూ పాస్‌పోర్టూ కొత్త ముందుభాగంతో పొసగక ఆఫీసుల చుట్టూ తిరగడం మాత్రం ఆమె వంతు.

ఓడ గురించి వాదించుకున్న వాళ్ళు ఒడ్డున నిలబడి వాదించుకున్నారు. మా అమ్మ బండెక్కింది. పని పూర్తయిన పది రోజులకి తమ్ముడు ఆమెని ఎక్కించుకుని చిత్తూరు వైపు మా ఊరికి బయల్దేరాడు. పూతలపట్టు దాటాక గొర్రెలు అడ్డమొచ్చాయి. బ్రేకు పట్టాడు. డిస్కు తన పని తాను చేసింది, బండి గొర్రెలకి రెండు బారల దూరంలో నిలిచింది. చీర కట్టుకుని ఒక పక్కకి కాళ్ళు వేసి కూచున్న అమ్మ ముందుకి జారి రోడ్డు మీద పడింది. భుజం దగ్గర ఎముక విరిగింది. చూడవచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట, “పాత బ్రేకయ్యుంటే ఏమయ్యుండునో, బ్రేకు బాగుండబట్టి సరిపోయె.” అది అబద్ధమేమీ కాదు. గొర్రెల మధ్యలో కాపరి పిల్లవాడు కూడా ఉన్నాడట. అమ్మ మాత్రం నాతో అంది, “బండి నిలబడింది సరే. నేను పట్టుకునేదానికి ఏముంది మే దాంట్లో?”

ఏమీ లేదు. ఫోర్కులు మార్చడానికి ముందే తమ్ముడు బండి నాజూగ్గా కనపడాలని వెనక చక్రం పక్కనుండే శారీ గార్డునీ, సీటు దగ్గర పట్టుకునే కమ్మీనీ తీయించేశాడు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది వీటి గురించే. వెనక కూచున్న వాళ్ళకి చేతిపట్టు ఉండాలి, కాలు పెట్టుకునే చోటుండాలి, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని సగమైనా కప్పే అడ్డు ఉండాలి. మన మోటార్ సైకిల్ మీద చీర కట్టిన మనిషిని తలుచుకుని పెట్టిన సామాను ఏదన్నా ఉందంటే అదే. నేను షెడ్డులో చూసిన బళ్ళన్నిటికీ ముందుగా పీకేసింది కూడా దాన్నే.

బ్రేకు పడినప్పుడు బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, అందుకే ముందు బ్రేకే బండిని ఎక్కువగా ఆపుతుంది. నడిపేవాడికి పట్టుకోను హ్యాండిలుంది, మోకాళ్ళతో ఒత్తుకోను ట్యాంకుంది, బ్రేకు పట్టబోయేది తనే కాబట్టి ఒళ్ళు ముందుగానే బిగుసుకుంటుంది. పక్కకి కూచున్న మనిషికి ఈ మూడూ లేవు. బ్రేకు ఎంత బాగుంటే ఆమె అంత దూరం విసిరేయబడుతుంది. ‘మంచి బ్రేకు’ అన్న మాటని ఎవరికి అని అడక్కుండా నేను ఒప్పుకోలేను.

అమ్మని కూడా కాళ్ళు అటొకటి ఇటొకటి వేసి కూచోమను అన్నారు కొందరు. అరవై మూడేళ్ళ మోకాళ్ళతో, చీరతో, ఊరందరి ముందూ. కర్నాడ్ నాటకంలోలాగే తలకి తగ్గట్టు ఒళ్ళు మారాలన్నమాట.

ముందు భాగం మార్చడమే తప్పని నేననను. ఆ డ్రమ్ బ్రేకులతో నాయన మమ్మల్నందరినీ ఎక్కించుకుని మొగిలి ఘాట్ దిగిన రోజులున్నాయి, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. తన ప్రాణం మీదికి తను తెచ్చుకునే హక్కు కూడా తమ్ముడికి ఉందనుకుందాం. కానీ తయారీదారు చేసిన బండిని విప్పి మార్చినవాడు ఆ బండికి తనే తయారీదారు అవుతాడు. కంపెనీ వాడికి మా అమ్మ ఎవరో తెలియదు, అయినా ఆమెలాంటి మనిషి ఒకరు వెనక కూచుంటారని ఒక కమ్మీ బిగించి పంపాడు, చట్టం బలవంతం వల్లే కావచ్చు. అమ్మని ఎరిగిన కొడుకు దాన్ని విప్పాడు. ప్రేమ లేక కాదు. బండిని చూసేటప్పుడు వాడి కంటికి అందులో ఒక్క సీటే కనపడింది.

తమ్ముడితో ఇదంతా ఇలాగే అనలేదు. అమ్మ మాట ఒక్కటి చెప్పాను. షెడ్డు మూలన శారీ గార్డులూ, కమ్మీలూ కుప్పగా పడుంటాయి, కిలో లెక్కన పాత ఇనుముకి పోతాయి. పోయినవారం దాంట్లోంచి చెరొకటి ఏరుకుని బిగించుకొచ్చాడు. కమ్మీ కొంచెం వంకర. అమ్మ వచ్చి దాన్ని రెండు చేతులతో పట్టుకుని గుంజి చూసింది. ఇంకా ఎక్కలేదు.